తాను నడిచెడు దారినే చెప్పు యంత్రము

విజయనగరము జిల్లాలో హౌరా–చెన్నై రైలుమార్గము మీద నెల్లిమర్లకును చీపురుపల్లికిని నడుమ గరివిడి అను ఊరు కలదు. మాంగనీసు ఖనిజమునకును ఫెర్రో మాంగనీసు కర్మాగారమునకును పేరుపొందిన ఊరది. అక్కడినుండి విశాఖపట్టణము పోగోరువానికి రైలు కలదు, బస్సు కలదు. ఊరికి క్రొత్తగా వచ్చిన వాడొకడు వీధి మొగలో ఒక పెద్దమనిషిని కలిసికొని, “విశాఖకు దారి యేది?” అని అడిగెననుకొనుడు. ఆయన తనకు తెలిసిన దారులన్నిటిని ఏకరువు పెట్టవచ్చును. కాని వచ్చినవాడు అంతటితో ఆగక, “బాబూ, ఈ మూట మీ చేతికిచ్చెదను, మీరే అక్కడికి చేర్పింపుడు” అన్నచో సంగతి మారిపోవును. తన మూటలన్నియు బస్సుమీదనే పంపు అలవాటు గల ఆ పెద్దమనిషి “రైలులో పోవును” అని చెప్పుట అబద్ధమే యగును.

ఇంటర్నెట్టులో రౌటరు అను యంత్రము సరిగా ఈ పెద్దమనిషి స్థితిలో ఉన్నది. అది పక్క రౌటరునకు ఒక మార్గమును ప్రకటించుట యనగా, “ఆ గమ్యమునకు పోవలసిన సరుకు నాకిమ్ము, నేను చేర్పించెదను” అని మాట యిచ్చుట. కనుక తనకు పది మార్గములు తెలిసియున్నను, తాను నిజముగా వాడుచున్న ఒక్క మార్గమునే అది బయటికి చెప్పును. తక్కిన తొమ్మిదియు దాని పుస్తకములలోనే ఉండిపోవును. ఎంపిక యింటిలోపలి వ్యవహారమే; కాని ఆ యెంపికను బట్టియే బయటి ప్రపంచమునకు ఏ దారి కనబడునో, ఏ దారి కనబడకుండ పోవునో తేలును. 2015లో ఒక మధ్యాహ్నము పెక్కు దేశముల జనులకు గూగుల్ అందకపోవుటకు మూలము ఈ నియమములోనే ఉన్నది.

గరివిడిలోని ఒక ఉన్నతపాఠశాలలో విద్యార్థి కంప్యూటరు ముందు కూర్చుండి ఏదో ప్రశ్న పంపెననుకొనుడు. ఆ ప్రశ్న చిన్నచిన్న ప్యాకెట్లుగా విడిపోయి బయలుదేరును. ఉత్తరము మీద చిరునామా వలె ప్రతి ప్యాకెట్టు మీదను గమ్యము సంఖ్యారూపమున వ్రాయబడి యుండును. అయితే తపాలాశాఖకు ఉన్నట్లు ఇంటర్నెట్టునకు ప్రధాన కార్యాలయము లేదు. పటము ముందు పెట్టుకొని దారులన్నిటిని నిర్ణయించు అధికారియు లేడు. ప్రతి రౌటరును తన పట్టిక చూచుకొని ప్యాకెట్టును పక్క రౌటరు చేతిలో పెట్టును. అంతటితో దాని పని తీరినది. ఆ పట్టిక ఎట్లు తయారగుచున్నదన్నదే అసలు ప్రశ్న.

ఇంటర్నెట్టు ఒక్క జాలము కాదు. డెబ్బదివేలకు పైబడిన జాలముల కూటమి. ఒక యాజమాన్యము క్రింద నడచెడు జాలమును స్వతంత్ర వ్యవస్థ అందురు. ఒక్కొక్క వ్యవస్థకు ఒక సంఖ్య యుండును. బి.ఎస్.ఎన్.ఎల్. సంఖ్య 9829, ఎయిర్‌టెల్ సంఖ్య 9498, రైలుపట్టాల వెంబడి ఆప్టికల్ ఫైబరు పరచి నడపుచున్న రైల్‌టెల్ సంఖ్య 24186, గూగుల్ సంఖ్య 15169. ఈ వ్యవస్థలు ఒకదానితో నొకటి దారుల సంగతి మాటలాడుకొను భాషకు బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్ అని పేరు. పొడి అక్షరములలో బి.జి.పి. 1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్ నగరమున జరిగిన ఇంజనీర్ల సమావేశములో, భోజనవేళ, సిస్కో సంస్థకు చెందిన కర్క్ లాహీడ్, ఐ.బి.ఎం.కు చెందిన యాకవ్ రెఖ్టర్ అనువారు చేతులు తుడుచుకొను కాగితముల మీద దీని రూపురేఖలు గీసిరి. ఆ జూనులోనే మొదటి పాఠము వెలువడినది. నేడు వాడుకలో ఉన్నది నాల్గవ రూపము. దాని ప్రామాణిక పాఠము 2006 జనవరి నాటిది. కాగితపు రుమాలు మీద పుట్టిన ఏర్పాటు ముప్పదియైదేండ్లు దాటినను నిలిచి పనిచేయుట విశేషమే.

బి.జి.పి. ప్రకటనలో ముఖ్యముగా రెండు సంగతులుండును. ఒకటి చిరునామాల కట్ట. 203.0.113.0 మొదలు 203.0.113.255 వరకు గల 256 చిరునామాలు ఒక కట్ట. ఇట్టి కట్టలు నేడు ప్రపంచమందలి పట్టికలలో పదిలక్షల మేరకు ఉన్నవి. రెండవది మార్గశ్రేణి, అనగా ఈ ప్రకటన ఏయే వ్యవస్థల గుండా వచ్చినదో వాని సంఖ్యల వరుస. ప్రకటనను ముందుకు పంపు ప్రతి వ్యవస్థయు వరుస మొదట తన సంఖ్యను చేర్చును. వచ్చిన వరుసలో తన సంఖ్యయే కనబడెనా, ఆ వ్యవస్థ దానిని వెంటనే త్రోసివేయును. తాను చెప్పిన కబురే ఊరంతయు తిరిగి తన యింటికి వచ్చినదని దానికి తెలిసినది గదా! ప్యాకెట్లు గానుగెద్దు వలె సుడి తిరుగకుండ కాపాడు ఉపాయమిది.

రౌటరు మూడు పుస్తకములు ఉంచుకొనునని భావింపవచ్చును. మొదటిది రాకల పుస్తకము. పొరుగువారు చెప్పిన మార్గములన్నియు అందులో చేరును. రెండవది ఎంపిక పుస్తకము; ఒక్కొక్క కట్టకు ఒక్కొక్క మార్గము చొప్పున అందులో ఎక్కును. మూడవది పోకల పుస్తకము. పొరుగువారిలో ఎవరికేమి చెప్పవలెనో అది అందులో ఉండును. మూడవ పుస్తకము రెండవదానినుండి మాత్రమే వ్రాయబడును, మొదటిదానినుండి ఎన్నడును కాదు. ఈ ఒక్క వాక్యము పట్టుబడినచో తక్కిన విషయమంతయు సులభము.

ఇక ఎంపిక. ఒకే కట్టకు రెండు మార్గములు వచ్చినప్పుడు మొట్టమొదట చూచునది దూరము కాదు, స్థానిక ప్రాధాన్యము. ఇది ఆ సంస్థ తన యిష్టానుసారము ప్రతి మార్గమునకు వేసికొను మార్కు. పొరుగు సంస్థలకు దీనిని తెలుపదు. ఎక్కువ మార్కు గల మార్గమే గెలుచును. మార్కులు సమానమైనప్పుడే మార్గశ్రేణి పొడవు చూతురు. తక్కువ సంఖ్యలు గలది గెలుచును. అదియు సమానమైనచో ప్రకటన పుట్టుక యెట్టిది, పొరుగువాడు ఈ ద్వారముకన్న ఆ ద్వారము మేలని సూచించెనా, తన జాలములోనుండి త్వరగా బయటపడు దారి యేది అని వరుసగా చూచి, ఏదియు తేలనిచో చివరకు రౌటర్ల గుర్తింపు సంఖ్యలలో చిన్నదానిని పట్టుకొని తీర్పు చెప్పుదురు. ఆ చివరిది చీటి వేసినట్టిదే; దానికి గూఢార్థమేమియు లేదు.

స్థానిక ప్రాధాన్యమునకు వెనుక ఉన్నది డబ్బు. ఒక సంస్థ పొరుగువారిలో కొందరు దానికి రుసుము చెల్లించు ఖాతాదారులు. కొందరు సమానులు, వీరు పరస్పరము ఉచితముగా సరుకు మార్చుకొందురు. కొందరు సరఫరాదారులు; వీరికి తానే రుసుము చెల్లింపవలెను. ఖాతాదారు ద్వారా పంపిన ప్రతి ప్యాకెట్టునకు రాబడి కలదు. సరఫరాదారు ద్వారా పంపినదానికి ఖర్చు కలదు. అందుచేత సాధారణముగా ఖాతాదారు చెప్పిన మార్గమునకు హెచ్చు మార్కు, సమానుని మార్గమునకు దాని తరువాత, సరఫరాదారు మార్గమునకు అన్నిటికన్న తక్కువ మార్కు వేయుదురు. ప్రకటనలోను ఇదే లెక్క. ఖాతాదారు మార్గమును అందరికిని చెప్పుదురు. సమానునినుండి గాని, సరఫరాదారునినుండి గాని విన్నదానిని తన ఖాతాదారులకు మాత్రమే చెప్పుదురు. ఇతరుల సరుకును ఇతరులకు ఉచితముగా మోయుటకు ఎవరు ఒప్పుకొందురు?

ఒక ఉదాహరణముతో ఇది తేటపడును. గరివిడిలో ఒక చిన్న ఇంటర్నెట్టు సంస్థ ఉన్నదనుకొనుడు. ఉదాహరణముల కొరకే ప్రత్యేకించిన సంఖ్యలలో నుండి దానికి 64500 అను సంఖ్యను, 203.0.113.0తో మొదలగు కట్టను ఇత్తము. ఒక దారి తెగినను మరియొకటి ఉండవలెనని అది ఇద్దరు సరఫరాదారులను పెట్టుకొన్నది. గుర్తుండుటకు వారిని చంపావతి, నాగావళి అని ఆ ప్రాంతపు నదుల పేర్లతో పిలువవచ్చును. సంఖ్యలు 64501, 64502. వీరిద్దరు సమానులు. నాగావళికి మరల వంశధార అను పెద్ద సంస్థ సరఫరాదారు. దాని సంఖ్య 64503. చంపావతియు వంశధారయు సమానులు.

చంపావతి తీగ వేగవంతమైనది. నాగావళి తీగ ఆపత్కాలమునకు ఉంచుకొన్నది. కాబట్టి తనకు వచ్చు సరుకంతయు చంపావతి ద్వారానే రావలెనని గరివిడి సంస్థ కోరిక. బయటికి పోవుదానిని తన యిష్టము వచ్చినట్లు పంపవచ్చును. లోనికి వచ్చుదానిని ఎట్లు మళ్లించుట? నాగావళికి చెప్పునప్పుడు 64500, 64500, 64500 అని తన సంఖ్యనే మూడుమార్లు వ్రాసి మార్గము పొడవుగా కనబడునట్లు చేయును. ఇది వాడుకలో ఉన్న ఉపాయమే.

ఇప్పుడు వంశధారకు రెండు ప్రకటనలు వచ్చును. చంపావతి చెప్పినది 64501, 64500, రెండే సంఖ్యలు. నాగావళి చెప్పినది 64502, 64500, 64500, 64500, నాలుగు సంఖ్యలు. పొట్టిదే గెలుచునని తోచును. గెలువదు. నాగావళి వంశధారకు ఖాతాదారు. చంపావతి సమానుడు మాత్రమే. మార్కు దగ్గరనే పందెము ముగిసినది, పొడవు కొలుచుదాక రానేలేదు. వంశధారకు వచ్చిన సరుకంతయు నాగావళి వైపే పోయి, గరివిడిలోని సన్నని తీగ మీద పడును. గరివిడి సంస్థ తన సంఖ్యను మూడుమార్లు కాదు, ముప్పదిమార్లు వ్రాసినను ఫలము లేదు.

మరి దారి? పెక్కు పెద్ద సంస్థలు తమ ఖాతాదారులకు ఒక సౌకర్యము కల్పించుచున్నవి. ప్రకటనకు ఒక గుర్తు చీటి కట్టి పంపినచో దాని మార్కును వారే తగ్గింతురు. గరివిడి సంస్థ నాగావళికి పంపు ప్రకటనపై అట్టి చీటి కట్టెననుకొనుడు. మార్కు సమానుల మార్గముకన్న క్రిందికి దిగినది. ఇక్కడ జరుగు వింతను విద్యార్థులు జాగ్రత్తగా గమనింపవలెను. గరివిడికి పోవు కట్టకు నాగావళి రాకల పుస్తకములో రెండు మార్గములున్నవి: గరివిడినుండి నేరుగా వచ్చినది ఒకటి, చంపావతి చెప్పినది ఒకటి. ఇప్పుడు చంపావతి చెప్పినదే గెలిచినది. అది సమానునినుండి విన్న మార్గము; సరఫరాదారుడైన వంశధారకు దానిని చెప్పరాదు. ఎంపిక కాని మార్గమును చెప్పుట అసలే లేదు. కాబట్టి నాగావళి ఇదివరలో వంశధారకు చేసిన ప్రకటనను ఉపసంహరించుకొనును. వంశధార పుస్తకములో చంపావతి మార్గమొక్కటే మిగులును. తీగ తెగలేదు, యంత్రము చెడలేదు. నాగావళి ఇంటిలో మార్కు మారినది, అంతే. ఆ మార్పుతో వంశధారకు ఒక దారియే కనుమరుగైనది.

మంచిదే, కోరినది అదియే. కాని ఒకనాడు రోడ్డు వెడల్పు చేయువారి త్రవ్వకములో గరివిడి–చంపావతి తీగ తెగినదనుకొనుడు. చంపావతి తన ప్రకటనను ఉపసంహరించుకొనును. అప్పుడు వంశధార చేతిలో మారు మార్గము లేదు. ఉన్నట్లే దానికి తెలియదు. నాగావళి ఆ ఉపసంహరణ విని, తన రాకల పుస్తకము తిరుగవేసి, నేరు మార్గమును ఎంచుకొని, దానిని వంశధారకు చెప్పినప్పుడే గరివిడి మరల ప్రపంచమునకు కనబడును. ఒకే కట్టను గూర్చి వెంటవెంటనే ప్రకటనలు గుప్పింపక కొంత వ్యవధి యుంచవలెననియు, వేర్వేరు వ్యవస్థల నడుమ ఆ వ్యవధి 30 సెకనులు ఉండవచ్చుననియు ప్రామాణిక పాఠము సూచించుచున్నది. ఇట్టి వ్యవధులు కొన్ని కలిసినచో, గరివిడిలో ఆన్‌లైన్ పరీక్ష వ్రాయుచున్న పిల్లవాడు తెర ముందు దిక్కులు చూచుటకు చాలినంత కాలమగును. మారు దారి ఉన్నదనుటయు, అది ముందే ఇతరులకు తెలిసియున్నదనుటయు ఒకటి కావు.

ఎంపిక ప్రకటనను శాసించుటవలన కలుగు ఈ మరుగు ఒకవైపు. రెండవవైపు, చెప్పరానిదానిని ఒకరు చెప్పగా, మరియొకరు దానిని ఎంచుకొనుటవలన కలుగు అనర్థము. 2015 మార్చి 12న జరిగినది ఇదే. హాత్‌వే అను భారతీయ బ్రాడ్‌బ్యాండు సంస్థ, సంఖ్య 17488, గూగుల్‌తో సమానునిగా నేరు సంబంధము పెట్టుకొని యున్నది. తన ఖాతాదారులకు గూగుల్ త్వరగా అందుటకు చేసికొన్న సొంత ఏర్పాటది. అందులో తప్పు లేదు. అట్లు విన్న మార్గములను తన ఖాతాదారులకు చెప్పవలెను గాని సరఫరాదారునికి చెప్పరాదు. ఆనాడు భారతకాలమానము ప్రకారము మధ్యాహ్నము 2 గంటల 28 నిమిషములకు, పొరపాటున, గూగుల్‌కు చెందిన 300కు పైగా కట్టల మార్గములు హాత్‌వే నుండి దాని సరఫరాదారైన ఎయిర్‌టెల్‌కు ప్రకటింపబడినవి. ఖాతాదారు చెప్పిన మార్గమునకు హెచ్చు మార్కు వేయుట సామాన్య నియమమని పైన చెప్పబడినది గదా. ఖాతాదారు మార్గమును అందరికిని చెప్పవలెననుటయు సామాన్య నియమమే. ఎయిర్‌టెల్ నుండి ఆ మార్గములు ప్రపంచమునకు పోయినవి. అమెరికాలోని కోజెంట్, లెవెల్ 3, ఫ్రాన్సుకు చెందిన ఆరెంజ్, సింగపూరులోని సింగ్‌టెల్ వంటి సంస్థలు కొన్ని వానిని స్వీకరించినవి. ఎక్కడెక్కడి దేశములనుండియో గూగుల్‌కు పోవలసిన ప్యాకెట్లు భారతదేశమునకు మళ్లినవి. పెద్ద సముద్రపు నీటిని పిల్లకాలువలోనికి త్రిప్పినట్లయినది; పెక్కుమందికి గూగుల్ సేవలు అందలేదు.

ఆ మార్గశ్రేణిలో అబద్ధము లేదనుట ఇందులో చిత్రమైన సంగతి. 9498, 17488, 15169: ఈ వరుసలోని ప్రతి సంబంధమును నిజముగా ఉన్నదే. హాత్‌వే తాను వాడుచున్న దారినే చెప్పినది. పెద్దమనిషి నిజమే పలికెను; కాని ఊరందరి మూటలను మోయుదునని పలుకదగిన బలము ఆయనకు లేదు. చిరునామాల యజమాని యెవరని విద్యుత్ సంతకములతో సరిచూచు పద్ధతి నేడు వ్యాపించుచున్నది. అది ఇట్టి పొరపాటును పట్టుకొనలేదు, ఏలయన యజమాని పేరు సరిగానే ఉన్నది. ఇందుకై 2022 మే నెలలో మరియొక ప్రమాణము వెలువడినది. దాని ప్రకారము ఇరుగుపొరుగు రౌటర్లు “నేను ఖాతాదారును, నీవు సరఫరాదారువు” అని మొదటనే ఒప్పుకొనును. సమానునినుండి గాని, సరఫరాదారునినుండి గాని వచ్చిన మార్గమునకు “ఖాతాదారులకు మాత్రమే” అను ముద్ర పడును. ఆ ముద్రతో పైకి పోబోవు మార్గమును ఇరువైపుల యంత్రములును ఆపగలవు.

2008 ఫిబ్రవరి 24 నాటి పాకిస్తాన్ టెలికాం ఉదంతము వేరు జాతికి చెందినది. రెంటిని కలిపి చెప్పుట వాడుకయైనను వేరుచేసి చూచుట మేలు. తమ దేశములో యూట్యూబును అడ్డుకొనుటకు ఆ సంస్థ యూట్యూబువారి చిరునామాలను తనవే అన్నట్లు ప్రకటించగా, అది దేశము దాటి పోయినది. యూట్యూబు ప్రకటించుచుండినది 1024 చిరునామాల కట్ట. పాకిస్తాన్ టెలికాం ప్రకటించినది అందులోని 256 చిరునామాల చిన్న కట్ట. కట్టలు వేరైనప్పుడు పైన చెప్పిన ఎంపికయే జరుగదు. ప్యాకెట్టును పంపునప్పుడు రౌటరు చిన్నకట్టకే కట్టుబడును. సుమారు 80 నిమిషముల తరువాత యూట్యూబు కూడ అదే 256 చిరునామాల కట్టను ప్రకటించినది. అప్పుడు మాత్రము అసలైన ఎంపిక మొదలైనది. రెండును ఒకే కట్టలైనందున కొందరు యూట్యూబునుండి వచ్చినదానిని, కొందరు పాకిస్తాన్‌నుండి వచ్చినదానిని ఎంచుకొని, ఎంచుకొన్నదానినే తమ పొరుగువారికి చెప్పిరి. ప్రపంచము రెండుగా చీలినది. మరి 11 నిమిషములకు యూట్యూబు 128 చిరునామాల కట్టలను ప్రకటించి చాలవరకు తన సరుకును వెనుకకు తెచ్చుకొనగలిగెను.

సంస్థల లోపలను ఇదే నియమము పనిచేయును. పెద్ద సంస్థ తన రౌటర్లన్నిటిని జతజతలుగా కలుపలేక, ఒక కేంద్రమందలి రౌటరును కబురు చెప్పునదిగా నియమించును. అది తనకు నచ్చిన ఒక్క మార్గమునే తక్కినవానికి చెప్పును. హైదరాబాదులోని యంత్రమునకు దగ్గరగా తోచిన ద్వారము ఉత్తరాంధ్రలోని యంత్రమునకు దూరము కావచ్చును. ఒకే కట్టకు ఒకటికన్న ఎక్కువ మార్గములు చెప్పుకొనుటకు 2016లో ఒక అనుబంధము ప్రమాణమైనది. లోపలి రౌటర్ల నడుమ దాని ఉపయోగము ఎక్కువ. వేర్వేరు సంస్థల నడుమ దగ్గరి దారి లేనప్పుడు దేశీయపు సరుకే విదేశమునకు పోయి వచ్చుట కూడ కలదు. అది తగ్గించుటకే 2003లో నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్చేంజ్ ఆఫ్ ఇండియా ఏర్పడినది.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ఆట ఆడింపవచ్చును. బల్ల మీద ఒక పుస్తకము ఉంచి, చుట్టును ముగ్గురు విద్యార్థులను నిలువబెట్టుడు. పుస్తకమే గమ్యము. ప్రతివానికి నేరు దారి కలదు. కాని తన కుడివైపు వాడు నేరుగా పోవుచున్నచో వాని ద్వారా పోవుటయే వీనికి ఎక్కువ యిష్టము. కుడివైపు వాడు మరియొకని మీద ఆధారపడి యున్నచో తాను నేరుగానే పోవును. ప్రతివాడును తాను ప్రస్తుతము వాడుచున్న దారినే చీటి మీద వ్రాసి ఎడమవైపు వానికి చూపవలెను. మొదట ముగ్గురును “నేరు” అని చూపుదురు. చూచి ముగ్గురును పక్కవాని మీదికి మారుదురు. ఆ క్రొత్త చీటీలు చూచి ముగ్గురును మరల నేరుకు వత్తురు. ఒక్కొక్కరే మారినను స్థిరపడుట లేదు. మొదటివాడు నేరుగా పోవుచో అతనిని కుడివైపున గలవాడు అతని మీద ఆధారపడును. ఆ ఆధారపడినవానిని కుడివైపున గలవాడు నేరుగా పోవలసివచ్చును. అతడే మొదటివానికి కుడివైపు వాడు గనుక మొదటివాడు తన నేరు దారి విడిచి అతని మీదికి మారును. గంట కొట్టువరకు చీటీలు మారుచునే యుండును.

బి.జి.పి.లో ఇట్టి అంతులేని ఊగిసలాట సంభవమని 1990ల చివర పరిశోధకులు చూపిరి. ఇంటర్నెట్టు నిత్యము ఇట్లు ఊగిసలాడకుండుటకు కారణమును 2001లో లిక్సిన్ గావో, జెనిఫర్ రెక్స్‌ఫర్డ్ నిరూపించిరి. ఖాతాదారు మార్గమునకే హెచ్చు మార్కు వేసి, సమానులనుండియు సరఫరాదారులనుండియు విన్నదానిని ఖాతాదారులకు మాత్రమే చెప్పుచు, ఎవడును చుట్టుతిరిగి తనకు తానే సరఫరాదారుడు కాకుండ ఉన్నంతవరకు, ఎవరి మార్కులు ఎవరికిని తెలియనక్కరలేకయే దారులు స్థిరపడును. 2015లో ఒక పొరపాటును ప్రపంచమంతట వ్యాపింపజేయుటకు తోడ్పడిన డబ్బు లెక్కయే, తక్కిన దినములలో ఈ వ్యవస్థను నిలకడగా ఉంచుచున్నదన్నమాట. పై ఆటను ముగ్గురికి బదులు నలుగురితో ఆడించి, చీటీలు ఎప్పుడైనను నిలిచిపోవునా, నిలిచినచో ఎన్ని విధములుగా నిలుచునో విద్యార్థులచేతనే కనిపెట్టింపవచ్చును. అయితే అందరిని ఒకేసారి కాక, ఒకరి తరువాత ఒకరిని మార్చుకొనమనవలెను.